అత్తగారి పటం

"మందులన్నీ పరీక్షించి చూశానండీ. రంగు చెడకుండా ఈ మసి తీసేది ఉమ్మి ఒక్కటే," అన్నాడు పాత పటాలు బాగుచేసేవాడు, దూది పుల్ల నాలుకమీద తడుపుకుంటూ.

బల్లమీద మా అత్తగారి పటం. పోయి ఇన్నాళ్లయినా ధుమధుమలాడుతూనే ఉన్నారు.

"నేను చెయ్యొచ్చా?"

కొత్త పుల్లలు గుప్పెడు ఇచ్చాడు. కుర్చీ లాక్కుని ఆవిడకి ఎదురుగా కూర్చున్నాను. ముందు గొలుసు తుడిచాను, తర్వాత గడ్డం, బుగ్గలు. ఆవిడ చేతికింద కాపరం చేసినదాన్ని, ఉమ్మికి కొదవేముంది.

"మీ చెయ్యి మంచిదండీ," అని మెచ్చుకున్నాడు కూడా.

కళ్లు తుడిచాను. మసి వదిలి ఆవిడ చూపు తేటపడింది, సూటిగా నామీదే.

మిగిలిన పుల్లలు వెనక్కి ఇచ్చేశాను.

"ఏమైందండీ?"

"నోరెండిపోయింది," అన్నాను మెల్లిగా.

ఎప్పుడు లేచానో, కుర్చీ పక్కన నిలబడి ఉన్నాను.