చింతపండుతో తోమిన రూపాయి

కోరుట్లలోని నాణేల దుకాణంలో, పన్నెండేళ్లుగా నేను వెతుకుతున్న నిజాం వెండి రూపాయిని సిరిసిల్ల మగ్గాల యజమాని అంబదాస్ నా ముందే జేబులో వేసుకొని వెళ్లిపోయాడు. దుకాణం నడిపే పోశెట్టి మీద విరుచుకుపడ్డాను.

"నాకెందుకు చూపియ్యలే, పోశెట్టీ? సేటు అయితేనే దోస్తా?"

"గట్లనకు సారూ. గది చింతపండుతోని తోమిన రూపాయి. తోమితే సగం ధర గూడ రాదని మీకు తెల్వదా?"

"గా సంగతి ఆయనకు చెప్పినవా?"

"చెప్పకుండ ఎన్నడన్న అమ్మిన్నా? తెలిసే నిండు ధర పెట్టిండు."

"తెలిసి గూడనా?"

"అమ్మనీకి తెచ్చింది సిరిసిల్ల ఆడామె. మగ్గాల సాంచాలు బందైతే పెనిమిటి పనికి భివండి పోయిండట. మెరిస్తె ఎక్కువ వస్తయని పొద్దంత తోమిందట. తోమి ఖరాబు చేసినవని ఆమె మొఖం మీద చెప్ప నోరు రాలే. అందుకే సేటుకు ఫోన్ చేసిన."

"నాకు చెయ్యొచ్చు గద."

పోశెట్టి తలెత్తలేదు. "మీ ఇంట్ల మేడం ఒకటి తోమితే ఆమెతోని రెండు దినాలు మాట్లాడలేదంటిరి గద సారూ."

ఆ మాట ఈ దుకాణంలోనే, నవ్వుతూ చెప్పాను. అప్పుడు నా భార్య బతికే ఉంది.

ఆమె తోమిన నాణెం ఇంకా నా పెట్టెలో ఉంది. అన్నిట్లో మెరిసేది అదొక్కటే.

లేచి చెప్పులు వేసుకున్నాను.

"మళ్లెవరన్న తోమి తెస్తే," అన్నాను, "ముందు నాకు ఫోన్ చెయ్యి."