ఈగలు కావాలట

“పియానో ఇప్పుడొద్దంటే వినవేం డ్వైట్? అయోవాలో ఉద్యోగం వస్తే దాన్నెవరు మోస్తారు?” అంది లోరెన్.

“ఏటా ఒక ఊరి పేరు చెప్పి ఆపుతున్నావు. ఇలాగైతే టెస్ పియానో నేర్చుకునేది మనవలు పుట్టాకే,” అన్నాడు భర్త.

“ఇంటర్వ్యూ బాగా జరిగింది. బయాలజీ ప్రొఫెసర్‌నైతే ఇక ఊళ్ళు మారే పనుండదు.”

“పోయినసారీ బాగానే జరిగిందిగా అమ్మా,” అంది టెస్, కంచంలో బఠాణీలు కెలుకుతూ.

ఫోను మోగింది. లోరెన్ దగ్గర పరిశోధన నేర్చుకుని వెళ్ళిన కెండ్రా.

“మేడమ్, మీరు ల్యాబ్‌లో పెంచే పండు ఈగలు కావాలి. నాకు ఉద్యోగమొచ్చింది, సొంత ల్యాబ్ పెడుతున్నాను!”

“అబ్బ, ఎంత మంచి మాట! ఎక్కడే?”

“అయోవాలో, బయాలజీ ప్రొఫెసర్‌గా. నిన్ననే ఖాయమైంది... మేడమ్, వినిపిస్తోందా?”

ఈగల మీద పనిచేసేవాళ్ళలో, అడిగినవాళ్ళకి లేదనే ఆచారం లేదు. కాకపోతే ఎవరికి ఏ రకం పంపినా, దానిదే ఒక సీసా తమ దగ్గర అట్టేపెట్టుకుని, ఆ సంతతిని ఏళ్ళ తరబడి కాపాడుకుంటారు.

“వినిపిస్తోందమ్మా. పంపిస్తాను. దారిలో చలికి చావకుండా చూసి పంపిస్తాను,” అంది లోరెన్.

ఫోను పెట్టేసి వచ్చి కూర్చుంది.

“ఏమైంది?” అన్నాడు డ్వైట్.

“నా ఈగలకి అయోవాలో ఉద్యోగమొచ్చింది.”

టెస్ నవ్వబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయింది.

“సీసాలన్నీ పంపేస్తున్నాను,” అంది లోరెన్, ఇద్దరినీ చూస్తూ. “నా దగ్గర ఒక్కటీ ఉంచుకోవడం లేదు.”