అద్దం మీద మరకలు

“మేడమ్, మళ్లీ ఆవిడే,” అన్నాడు మ్యూజియం కాపలాదారు, తుడుపుగుడ్డ చూపిస్తూ.

మేడమ్ కాగితాల్లోంచి తల ఎత్తింది.

పదకొండేళ్లుగా ఆమె ఒక కొండజాతి బొమ్మలను పరిశోధిస్తోంది. పుస్తకం పూర్తయింది, చివరి అధ్యాయం తప్ప. ఆ అధ్యాయం ఈ గదిలోనే అద్దం వెనక, ఏడు మూరల బట్ట మీద ఉంది.

ఉన్నది ఒకే గీత. ఎక్కడా తెగకుండా, తనను తానే వంద చోట్ల దాటుకుంటూ, ఏరై, పిట్టై, మనుషులై మళ్లీ ఏరవుతుంది. అది బొమ్మ కాదు, కథ అన్నారు ఆ జాతివాళ్లు. ఏం కథో చెప్పగలిగినవాళ్లు మాత్రం కొండ మీద ఎవరూ మిగల్లేదు.

ముసలావిడ అద్దానికి ముక్కు ఆనించి, దాని మీద వేలు నడిపిస్తూ ఏదో గొణుక్కుంటోంది.

“పెద్దమ్మా, చెయ్యి తియ్యండి. మరకలు పడుతున్నాయి.”

“తుడిస్తే పోతాయి కదమ్మా.”

“తుడిచేది నేను,” అన్నాడు కాపలాదారు.

“బాగానే తుడుస్తావు నాయనా. నిన్న ఎక్కడ ఆపానో వెతుక్కోవాల్సి వస్తోంది.”

మేడమ్‌కు నవ్వొచ్చింది. “నేను దీన్ని పదకొండేళ్లుగా చూస్తున్నానండీ. దూరం నుంచి చూస్తేనే బాగా తెలుస్తుంది.”

“పదకొండేళ్లా?” ముసలావిడ జాలిగా చూసింది. “దూరం నుంచేనా?”

కాపలాదారుకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

ఆ సాయంత్రమే మేడమ్ అద్దం ముందు రెండడుగుల దూరంలో తాడు కట్టించింది.

వారం తిరిగేసరికి, ఆ కొండ మీద ఎప్పుడో ఒక తాత మాట్లాడిన టేపుకు అనువాదం వచ్చింది. మొత్తం మూడు వాక్యాలు.

“కళ్లతో చూస్తే బొమ్మే. వేలితో వెంట వెళితేనే కథ. గీతను గీత దాటినచోట ఎటు తిరగాలో గీసిన చేతికే తెలుసు.”

మేడమ్ పై గదిలోంచి మెట్లు రెండేసి చొప్పున దిగింది. తాడు దాటింది. జీవితంలో మొదటిసారి ఆ అద్దం మీద వేలు పెట్టింది.

వేలి కింద ఏరు కదిలినట్టే ఉంది.

మొదటి మలుపు దగ్గరే వేలు ఆగిపోయింది.

“ఆవిడేరీ?”

“తాడు చూసి కాసేపు నిలబడ్డారు మేడమ్. ఇంక రానని వెళ్లిపోయారు.”

“ఏ ఊరు?”

“అడగలేదు.”

“ఏమైనా చెప్పారా?”

“చూపు పూర్తిగా పోయేలోపు ఒక్కసారి మొత్తం చదువుకుందామని వచ్చారట,” కాపలాదారు గొంతు తగ్గించాడు, “పదహారేళ్ల వయసులో ఆ గీత గీసింది తనేనట.”