వాన పడని మైదానం

పీటల మీద కూర్చున్న గిరి, పంచె మడతలో ఫోను దాచుకుని పైకి చూశాడు. బత్తలపల్లె మీద మబ్బు కమ్ముకొస్తోంది.

"స్వామీ, ఈ ఒక్క పూట వాన పడనీయొద్దు," అని లోలోపలే మొక్కుకున్నాడు.

మ్యాచ్ పదకొండింటికి. ఆడేది మనుషులు కాదు. కంప్యూటర్ నడిపే బేస్‌బాల్ లీగు అది. ఆటగాళ్ళు ఉత్తుత్తి వాళ్ళే అయినా నెలనెలా జీతాలివ్వాలి. టిక్కెట్ల రాబడితో ఖాతా నిలబెట్టుకోవాలి. సీజన్ ముగిసేసరికి ఖాతా మైనస్‌లో పడితే జట్టు రద్దు. ఇదే చివరి మ్యాచ్.

ఆ ఆటలో ఒక మెలిక ఉంది. సొంత మైదానంగా ఏ ఊరు ఎంచుకుంటే, ఆ ఊరి నిజమైన వాతావరణమే ఆటకూ వర్తిస్తుంది. వాన పడితే మ్యాచ్ లేదు, టిక్కెట్ల డబ్బు వాపసు. తక్కినవాళ్ళంతా పెద్ద పెద్ద నగరాలు ఎంచుకున్నారు. గిరి మాత్రం బత్తలపల్లె అన్నాడు. అందరూ నవ్వారు. ఆరు సీజన్లలో అతని మ్యాచ్ ఒక్కటీ ఆగలేదు. చేలో వేసింది ఏదీ చేతికి రాని గిరికి, కరువు పండించిన పంట ఆ జట్టొక్కటే.

ఈసారి మాత్రం ఆశకు పోయి, బంతి విసిరే ఆటగాణ్ణొకణ్ణి తాహతుకు మించి కొన్నాడు. ఖాతా అడుగంటింది. ఈ పూట టిక్కెట్లు నిలిస్తేనే గట్టెక్కేది.

"ఏందప్పా ఆ పైకి చూసేది?" ఊరిపెద్ద లక్ష్మన్న అదిలించాడు. "కన్యాదానం చేసేవాడివి, మనసు ఈడ పెట్టు."

"మబ్బు పట్టింది గదా మామా..."

"అందరికీ కనపడతానే ఉండాది. నువ్వు కానీ."

ఊరంతా చందాలేసుకుని చేస్తున్న పెళ్ళి. ముసలీ ముతకా కూడా కదిలొచ్చారు. పందిరి వేయలేదు, నెత్తిన నీడ ఉండకూడదన్నారు పెద్దలు. పక్కన భార్య త్రివేణి, పసుపు పూసిన పెళ్ళికూతుర్ని వదలకుండా పట్టుకుని కూర్చుంది.

గుత్తిలో ఉండే విష్ణువర్ధన్‌కూ ఆ లీగులో ఒక జట్టుంది. గిరి పంచె చాటునే అతనికి మెసేజ్ కొట్టాడు. "నా కొత్త ఆటగాణ్ణి సగం ధరకే ఇస్తా, తీసుకోన్నా."

జవాబు ఠక్కున వచ్చింది. "మీ ఊరి మబ్బు నా ఫోన్లోనూ కనపడతాంది తమ్ముడూ. నీ జట్టు రద్దయినాక వాడు ఊరికే వస్తాడు లే."

"ఆ ఫోను ఆడ పారెయ్యి," త్రివేణి పళ్ళు నూరింది. "లేని మనుషులకు జీతాలంట, ఉన్న పెండ్లానికి చీర ల్యా."

"కొంచేపు ఆగి చేస్తే ఏమయితాది మామా?" గిరి బతిమాలాడు.

"ముహూర్తం దాటిపోతాంది. పొయ్యి నీళ్ళు!" లక్ష్మన్న చెంబు చేతిలో పెట్టాడు.

గిరి ధారపోశాడు. తాళి పడింది. డప్పు మోగింది. ఆ వెంటే ఉరిమింది.

ఫోను తెర మీద లావుపాటి చినుకు ఒకటి పడింది. ఇంకొకటి. తుడిచి చూస్తే రెండే మాటలు: మ్యాచ్ రద్దు.

గిరి కళ్ళు చెమర్చాయి.

"కూతురి పెండ్లి చేసినోనికి కండ్లనీళ్ళు రాకుంటే ఎట్ల?" లక్ష్మన్న పకపకా నవ్వుతూ వీపు చరిచాడు.

ఊరంతా తడుస్తూ గంతులేస్తుంటే, ఆ వాన కోసమే గిరి చేత కన్యాదానం చేయించుకున్న పెళ్ళికూతురు, త్రివేణి గుప్పిట్లోంచి జారి, బెకబెకమంటూ బురదలోకి దూకింది.