ఉప్పు తిన్నవాడు

“కేకు నిండా రంగురంగుల బిళ్ళలు ఎట్టమ్మా.”

క్రీము గిలక్కొట్టే మిషను మోతలో దాలమ్మ చెవికి బిళ్ళలు కాస్తా ‘పిల్లలు’ అయ్యాయి.

“కేకు మీద పిల్లల్ని ఎక్కించడమేటి బావూ?”

పలాసలోని ఆ చిన్న బేకరీ అంతా నవ్వింది. కేకు అడిగినతనూ నవ్వి, సీసాలోని చాక్లెట్ బిళ్ళలు చూపించడానికి ముందుకొచ్చాడు.

కుంటుతూ వచ్చాడు.

దాలమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ కుంటి నడక ఆమె కోర్టులో చూసింది. నౌపడ ఉప్పు లారీ డ్రైవరు. టెక్కలి దగ్గర తమ ఆటోని గుద్దాడని జనం పట్టుకున్నవాడు. ఆటో నడుపుతున్న భర్త బంగారయ్య ఆ గుద్దుకి పోయి, చితి మీద బూడిదయ్యాడు. వెనక సీట్లో ఉన్న రెండేళ్ళ కూతురు ఎలాగో బతికింది.

సాక్ష్యం లేదని కోర్టు వదిలేసింది. దాలమ్మ వదల్లేదు.

“కూకో బావూ. తియ్యగా సేత్తాను” అంది.

లోపలికెళ్ళి వెన్నక్రీములో పంచదార పొడికి బదులు ఉప్పు పొడి కలిపింది. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు. కోర్టు మెట్లు దిగి తప్పించుకున్నాడు, కేకు ముక్క గొంతు దిగాక ఎటు పోతాడు? బిళ్ళల కేకంటే బిడ్డ పుట్టినరోజుకే అయ్యుంటుంది. వాడి బిడ్డ పదిమందిలో కక్కుకోవాలి.

తెల్లగా క్రీము పూసిన కేకు తెచ్చి ముందు పెట్టింది.

బిళ్ళలు తానే పెడతానన్నాడు. ఎర్రవీ పచ్చవీ ఒక్కొక్కటే అద్దుతూ పేరు రాశాడు.

తనూజ.

“మీ పాపకేనమ్మా” అన్నాడు. “ఈయేళ పుట్టినరోజని తెలిసింది.”



అతను వేలికంటిన క్రీము నాకాడు. ఆగాడు. ఆమె ముఖంలోకి చూశాడు. బల్ల మీది నీళ్ళు గ్లాసెడూ తాగాడు.

“పాపకి ఇది ఎట్టకమ్మా. ఉప్పెక్కువైపోయింది.”

గుమ్మంలో ఎదురైన నర్సు సీత అతనికి చేతులెత్తి దండం పెట్టింది. అతను తలూపి, కదులుతున్న నౌపడ బస్సు ఎక్కేశాడు.

“నా మొగుణ్ణి సంపినోడికి దండమెడతావేటి?” అంది దాలమ్మ.

సీత తెల్లబోయింది. తర్వాత అందరూ వినేలా చెప్పింది. గుద్దిన లారీ ఆగలేదట. వెనకొస్తూ ఆగింది ఇతనేనట. ఒంటి నిండా రక్తం చూసి జనం ఇతనే గుద్దాడనుకున్నారట. ఆ రోజు టెక్కలి ఆస్పత్రిలో డ్యూటీ సీతదే. కోర్టులో ఆమెనెవరూ అడగలేదు.

“జనం కాలు ఇరిగిపోయీలా కొట్టినా, సంకలో పాపని మాత్రం కింద ఎట్టలేదమ్మా ఆ బాబు.”