రాజుగారి ఆమోదం

ప్రధానమంత్రి వచ్చేసరికి రాజుగారు అలిగి గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆ రాజ్యం ఎంతో లేదు. అమెరికాలోని నేపర్‌విల్‌లో మతిమరుపు ముదిరినవాళ్లను చూసుకునే ఒక హోమ్‌లో మూలగది. రాజుగారు మల్లికార్జునరావు. కాలేజీలో యూరప్ చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఒక్కొక్కటే అన్నీ మరిచిపోయారు, పాఠాలు మాత్రం మిగిలాయి. ఇప్పుడు ఆయనే రాజు. ఒకరోజు డెన్మార్క్‌కి, ఒకరోజు నార్వేకి. బంధువులెవరొచ్చినా పొమ్మంటారు. మంగళవారం ప్రధానమంత్రి వస్తే మాత్రం లేచి కూర్చుంటారు. వారానికోసారి ప్రధాని వచ్చి రాజుకు సంగతులు విన్నవించుకోవడం ఇంగ్లండులో ఆనవాయితీ మరి. ఈ వేషం ఎవరికి తోచిందో గానీ, హోమ్‌లో అందరికీ "ప్రధానిగారూ" అని పిలవడం అలవాటైపోయింది.

ఈ మంగళవారం ఆయన లేవలేదు.

నర్సు రష్మి గుమ్మంలోనే ఆపింది. "మొన్నట్నుంచి ఏమీ తినట్లేదు ప్రధానిగారూ. ఇవాళ కూడా తినకపోతే రేపు ట్యూబ్ వేస్తామన్నారు డాక్టర్. పీకేసుకుంటారని చేతులు కట్టేస్తారేమో."

ప్రధాని చలికోటూ ఉన్ని టోపీ తీయకుండానే లోపలికి వెళ్లి, స్టీలు డబ్బా బల్లమీద పెట్టి, వంగి నమస్కరించారు.

"లక్ష్మీకాంతం వచ్చేదాకా ముద్ద ముట్టను," అన్నారు రాజుగారు అటు తిరిగే. "మా ఆవిడ లేకుండా నేనెప్పుడైనా తిన్నానా?"

ఆ వెంటనే ఒక హెచ్చరిక కూడా చేశారు. హెచ్చరించే హక్కు రాజుకు ఎలాగూ ఉంది. లక్ష్మీకాంతం పేరు చెప్పుకుని ఎవరో తెల్లజుట్టు ముసలమ్మ గదిలోకి జొరబడిందట. ఈసారి గేటు దగ్గరే ఆపించాలట.

"ఆపించేశాం ప్రభూ. ఇక రాదు," అన్నారు ప్రధాని.

ప్రధాని డబ్బా మూత తీసి చెంచా అందుకున్నారు. బతిమాలితే వినే మనిషి కాదు. ఏడిస్తే అసలే వినరు. ఇక మిగిలింది రాజ్యాంగం ఒక్కటే.

"సభ ఒక బిల్లు పాస్ చేసింది ప్రభూ. తమరు ఈ పెరుగన్నం తినాలని. ఏకగ్రీవం."

రాజుగారు ఇటు తిరిగారు. డబ్బాలోకి తొంగిచూశారు. "ఆవకాయేదీ?"

"ఎగువ సభ కొట్టేసింది. బీపీ అని."

"నేను కాదంటే?"

"పాఠం చెప్పింది తమరే. కాదనొచ్చా?"

రాజుగారు మెల్లగా లేచి కూర్చున్నారు. గొంతు మళ్లీ లెక్చరర్‌ది అయింది. "కాదనకూడదు. సభ ఒప్పుకున్నదాన్ని 1708 తర్వాత ఇంగ్లండులో ఏ రాజూ, ఏ రాణీ కాదనలేదు. ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి. రాజు ఉండేది అందుకే."

అని నోరు తెరిచారు.

ఒక్కొక్క చెంచాగా డబ్బా ఖాళీ అయింది. గుమ్మంలో రష్మి కళ్లు తుడుచుకుంది.

ప్రధాని ఆయన మూతి తుడిచి సెలవడిగారు. రాజుగారు చెయ్యి పట్టుకుని ఆపారు.

"మనం మాట్లాడుకున్నది ఈ గది దాటకూడదు. పద్ధతి తెలుసుగా. తను రాకుండానే తినేశానని లక్ష్మీకాంతానికి చెప్పకండి. పాపం, చిన్నబుచ్చుకుంటుంది."

"చెప్పను ప్రభూ," అంది లక్ష్మీకాంతం.