చుట్టరికానికి రుజువు

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. ఎక్కడైనా ఒత్తు జారినా, దీర్ఘం తప్పినా సర్దుకుని చదవండి. ఇంత చిన్న కథకు నాకు పదిరోజులు పట్టింది.

"ఇంటిపేర్లు కలవడం లేదమ్మా," అంటూ గుమాస్తా కాగితాలన్నీ అద్దం కింది సందులోంచి వెనక్కి నెట్టేశాడు.

రొట్టెల దుకాణం ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. విదేశీ ప్రయాణాల కార్యాలయంలో ఈ కిటికీ ముందు నిలబడడం ఆమెకిది నాలుగోసారి. మొదటిసారి ఫొటోలో చెవులు కనబడలేదన్నాడు. ఇంకోసారి సంతకం గడి దాటిందన్నాడు. పోయినవారం ఏమీ అనలేదు, సరిగ్గా ఆమె వంతు వచ్చేసరికి భోజనానికి లేచిపోయాడు.

"ఎవరి ఇంటిపేర్లు నాయనా?"

"మీదీ, మీరు వెళ్ళి ఉంటానంటున్న ఆవిడదీ. అక్కడ ఆరునెలలు ఉండాలంటే రక్తసంబంధం ఉండాలి. మీ ఇంటిపేరొకటి, ఆవిడదొకటి. ఇందులో చుట్టరికం ఎక్కడుంది?"

"ఆవిడ మా అమ్మమ్మ చెల్లెలు. పెళ్ళి చేసుకుని సముద్రం దాటి వెళ్ళింది. మా అమ్మమ్మకు పెళ్ళయింది, మా అమ్మకయింది, నాకూ అయింది. ఇన్ని పెళ్ళిళ్ళు జరిగాక కూడా ఇంటిపేరు కదలకుండా అక్కడే కూర్చుంటుందా?"

"అవన్నీ నాకు తెలీదు. రుజువు కావాలి."

తోడు వచ్చిన ఆడపడుచు ఊరుకుంటుందా? ఫోనులో ముసలావిడ ఫొటో తీసి అద్దానికి ఆనించింది. "ఈ ముక్కు చూడండి, మా వదిన ముక్కు చూడండి. అచ్చుగుద్దినట్టు లేవూ?"

"ఫారంలో ముక్కుకు గడి లేదమ్మా."

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. రొట్టెలావిడకు మాత్రం నవ్వు రాలేదు. చిన్నమ్మమ్మకు తొంభై నాలుగేళ్ళు. అమ్మ తరఫున తనకు తెలిసి మిగిలింది ఆవిడొక్కతే. "నువ్వొస్తానంటే ఉంటానే. కానీ ఇంకా ఎన్నాళ్ళుండమంటావు?" అని మొన్న ఫోనులో అడిగింది. ఇక్కడ చూస్తే పెట్టె సర్దడం అయిపోయింది, దుకాణం తాళాలు ఆడపడుచు కొంగున చేరాయి. అడ్డమల్లా ఈయన బల్లమీదున్న ఒక్క ముద్ర.

"రుజువంటే ఏం తెమ్మంటావో అదైనా చెప్పు బాబూ."

"వంశవృక్షం రాసివ్వండి. ఎవరు ఎవరి కూతురో తెలియాలి."

ఇద్దరూ బెంచీమీద కూలబడ్డారు. తినడానికి రొట్టెలు తెచ్చుకున్న కాగితపు సంచి చించి, మోకాలిమీద పరిచి, రొట్టెలావిడ రాయడం మొదలుపెట్టింది.

"అడ్డంగా రాయి వదినా, చోటు చాలదు."

"నా వంశం, నా ఇష్టం."

"అయ్యో, ఆ పేర్లేమిటి? అసలు పేర్లు రాయవూ?"

"అసలు పేర్లు ఎవరికి గుర్తున్నాయి? ఇంట్లో పిలుచుకున్నవే రాస్తున్నా. నోర్మూసుకుని ఆ రొట్టె తిను."

మళ్ళీ వరుసలో నిలబడి, గంట తర్వాత ఆ కాగితం కిటికీలోకి తోసింది. గుమాస్తా దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, నూనెమరక దగ్గర మొహం చిట్లించి, చదవసాగాడు.

"గడియారాల అమ్మమ్మేమిటి? ఇదొక పేరా?"

"ముగ్గురక్కచెల్లెళ్ళలో పెద్దావిడ. గడియారాలు బాగుచేసేది. ఎడమకంటికి తగిలించుకున్న భూతద్దం తియ్యకుండానే వంట కూడా చేసేసేది. ఎప్పుడో పెద్దవాళ్ళు మాటామాటా అనుకుని రాకపోకలు మానేశారు. ఆవిడ కూతురు ఎక్కడుందో, ఏమైందో మాకు తెలీదు."

గుమాస్తా కలం కింద పెట్టాడు.

"ఆవిడ... ఆగిపోయిన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, 'ఏమ్మా, పడిశం పట్టిందా?' అని అడిగేదా?"

రొట్టెలావిడ నోరు తెరిచింది. "నీకెలా తెలుసు?"

"మా నాయనమ్మ వాళ్ళమ్మ ఆవిడ. నాయనమ్మ ఇప్పటికీ మా ఇంట్లో గోడగడియారాన్ని అలాగే పలకరిస్తుంది." అతను వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. "మీ అమ్మగారూ, మా నాయనమ్మా అక్కచెల్లెళ్ళ పిల్లలు. అంటే మా నాన్న మీకు తమ్ముడి వరస. మీరు నాకు... మేనత్త!"

అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అద్దం కింది సందులోంచి చెయ్యి చాచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. రొట్టెలావిడకు కళ్ళు మసకబారాయి. ఇన్నాళ్ళూ ఈ మనిషినా, వీధి చివరిదాకా వినబడేలా తిట్టుకుంటూ ఇంటికి వెళ్ళింది!

"ఇంకేం మరి, కొట్టవయ్యా ముద్ర!" అని వెనకనుంచి అరిచింది ఆడపడుచు.

గుమాస్తా ముద్ర తీసుకున్నాడు. దాన్ని సొరుగులో పెట్టి తాళం వేసి, కాగితాలన్నీ ఎంతో మర్యాదగా సర్ది, రెండు చేతులతో ఆమెకు తిరిగిచ్చాడు.

"చుట్టరికం రుజువైపోయింది కదా అత్తయ్యా, ఇక రూలు ప్రకారం మీ కాగితాలు నేను ముట్టుకోకూడదు. పక్క కిటికీలో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టండి."

— వరాలమ్మ, డెబ్బై ఒకటో ఏడు. ఇప్పుడు చిన్నకూతురింట్లో, మేడమీద గదిలో ఉంటున్నాను.